బండి ఎక్కని కొండ

"చేతులు తీయండి మేడమ్! అది సాక్ష్యం."

ఇన్‌స్పెక్టర్ వెనకనుంచి అరిచేసరికే డేగమ్మ బొటనవేలు బటన్ మీద పడింది. హ్యాండిల్ మధ్యనున్న చిన్న తెర మినుక్కుమని వెలిగింది.

బ్యాటరీ తొంభై ఆరు శాతం.

డేగమ్మ కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసింది. అంకె మారలేదు.

పోలీస్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో, పట్టుబడ్డ స్కూటర్ల మధ్య గోడకి ఆనించి ఉంది ఆ ఎలక్ట్రిక్ సైకిల్. కొండదారుల కోసం చేసిన లావాటి టైర్లు, పెడల్స్ మధ్య రెండు పిడికిళ్లంత మోటారు. మొన్న పొద్దున పశువుల డాక్టరు దానితోపాటు లోయలో పడ్డాడు. బండి అడుగుదాకా పోయింది. డాక్టరు మాత్రం సగంలో ఒక చెట్టు కొమ్మల్లో చిక్కుకుని కొన ఊపిరితో దొరికాడు. అప్పటినుంచి ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

"ఈ బ్యాటరీని మీవాళ్లెవరైనా చార్జ్ చేశారా?" అడిగింది డేగమ్మ.

"చార్జరే మా దగ్గర లేదు. బ్యాటరీకి తాళం ఉంది. తాళంచెవి డాక్టరుగారి జేబులో దొరికింది. ఇప్పుడది నా బీరువాలో ఉంది. ఇంకేమైనా డౌట్లున్నాయా?"

ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు ఆమె కిందే పని నేర్చుకున్నాడు. డేగమ్మ అన్న పేరు ఆమెకు డిపార్ట్‌మెంటు పెట్టిందే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. తనకి యూనిఫామ్ ఉందనీ ఆమెకి లేదనీ గుర్తుచేసే అవకాశాన్ని అతను ఎన్నడూ వదులుకోడు.

"కేసు తేలిపోయింది మేడమ్. మోటారు లోపలికి నీళ్లు పోయాయని వారం కిందట మెకానిక్ దాన్ని విప్పి బిగించాడు. సరిగ్గా బిగించలేదు. కొండమీద దానికి పిచ్చెక్కి మనిషిని లాక్కుపోయింది. మెకానిక్‌ని లోపలేశాను."

"ఈ రకం మోటారు తనంతట తాను లాక్కుపోదు. మనం పెడల్ తొక్కితేనే అది తోడొస్తుంది. కాలు ఆపితే అదీ ఆగుతుంది. తాళం వేసేవాడు లేకపోతే చెక్కభజన ఎక్కడినుంచి వస్తుంది?"

"ఇదంతా మీకెలా తెలుసు?"

"బయట నిలబెట్టిన నా బండి చూడలేదా? మోకాలు పోయినప్పట్నుంచీ దానితోనే నా కాపురం."

ఆమె వంగి బండి ముందుభాగం పైకెత్తి చక్రాన్ని తిప్పింది. గరగరమంటూ సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే.

"లోయలో పడ్డ బండికి చక్రం గిర్రున తిరుగుతుందా?" నవ్వాడు ఇన్‌స్పెక్టర్.

డేగమ్మ ఇంకా దగ్గరగా చూసింది. చక్రం వంకర పోలేదు. దాని పక్కనున్న బ్రేకు పళ్లెం పళ్లెంలాగే తిన్నగా ఉంది. దానికి అటూ ఇటూ ఉండే బ్రేకు బిళ్లలు మాత్రం దగ్గరకొచ్చి, పళ్లేన్ని నొక్కి పట్టుకున్నాయి. చక్రం ఇరుసు పట్టీ సగమే బిగిసి ఉంది.

"మోటారు పిచ్చిగా లాగిందని ఎవరు చెప్పారు?" లేచి అడిగింది.

"కళ్లారా చూసిన మనిషి. డాక్టరుగారి క్లినిక్‌లో పనిచేసే చిన్న డాక్టరు."

*

డేగమ్మకి కేసు అప్పగించింది డాక్టరు భార్య. ఊళ్లో అందరికీ ఆమె టీచరమ్మ. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఆడపడుచుని భర్త దగ్గర కూర్చోబెట్టి, స్నానం చేసి పోదామని ఇంటికొచ్చింది.

వరండాలో సైకిల్ నిలబెట్టే చోట నేలమీద టైరు మరక శాశ్వతంగా అచ్చయిపోయి ఉంది. పక్కనే చెయిన్ తుడిచే గుడ్డలు, నూనె సీసా, పళ్లు తోముకునే పాత బ్రష్షు. ముందుగదిలో పుస్తకాల అల్మరా మధ్య అరలో పుస్తకాలు లేవు. అక్కడ చార్జర్ ఉంది.

"అది సైకిల్ కాదండీ, నాకు సవతి," అంది టీచరమ్మ. "చలికాలం దాని బ్యాటరీ బయట పెడితే పాడవుతుందట. నా పుస్తకాలు దింపేసి దానికి అర ఇచ్చారు. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమంటారు. దానికి చిన్న కిర్రుమన్న చప్పుడొస్తే మెకానిక్ దగ్గరికి పరుగు. ఒకరోజు అడిగాను, నేనూ అదీ ఒకేసారి నీళ్లలో పడితే ఎవర్ని ముందు తీస్తారని. దాన్నే, మోటారులోకి నీళ్లు పోకూడదు కదా, అన్నారు."

నవ్వబోయిన ముఖం ఒక్కసారి నలిగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డేగమ్మ ఆమె తేరుకునేదాకా ఆగింది.

"ఆయనకి గుండె ఆపరేషన్ అయిందన్నారు."

"అందుకే కొన్నారది. కొండమీద పల్లెల్లో పశువుల్ని చూడ్డానికి వెళ్లాలి, కానీ ఆయాసపడకూడదు. 'నా గుండె సగం పని చేస్తుంది, మిగతా సగం మోటారు చేస్తుంది' అనేవారు."

"మోటారు ఆపేసి తొక్కుతారా ఎప్పుడైనా?"

"కొండెక్కేటప్పుడా? చచ్చినా తొక్కరు. కానీ పెద్ద స్పీడూ పెట్టరు. అన్నిటికన్నా కింది మోడ్‌లోనే పోతారు, తిరిగొచ్చేదాకా చార్జ్ మిగలాలి కదా. ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా బ్యాటరీ తీసి ఇక్కడ పెట్టేస్తారు. సగానికి సగం ఖాళీ అయి ఉంటుంది ఎప్పుడూ."

డేగమ్మ ముందుకి వంగింది. "మొన్న పొద్దున పూర్తి చార్జ్‌తోనే బయల్దేరారా?"

"వంద. నేనే ప్లగ్ పీకి ఇచ్చాను. కొండవతల డెయిరీకి పోవాలన్నారు. ముందు క్లినిక్‌కి వెళ్లి మందుల సంచీ తీసుకుంటానన్నారు." టీచరమ్మ గొంతు తగ్గించింది. "నాలుగు రోజులుగా ఆయన మనసు మనసులో లేదండీ. ఆ డెయిరీలో ఆవులు పడిపోతున్నాయట. 'ఇవాళ అటో ఇటో తేల్చేస్తాను' అని వెళ్లారు."

"డెయిరీ ఎవరిది?"

"చిన్న డాక్టరు మామగారిది. అల్లుడే పశువుల్ని చూసుకుంటాడు. ఈయన్ని పిలవరు. ఈయనే పిలవని పేరంటానికి వెళ్తున్నారు."

"ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"ఆయన అడిగింది మెకానిక్ గురించే."

*

క్లినిక్‌లో చిన్న డాక్టరు ఒక కుక్కపిల్ల కాలికి కట్టు కడుతున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మెత్తటి చేతులు, అంతకన్నా మెత్తటి మాట. కుక్కపిల్ల కిక్కురుమనకుండా పడుకుంది.

"మత్తు ఇచ్చారా?" అడిగింది డేగమ్మ.

"కొంచెం. లేకపోతే కరుస్తుంది."

"గుర్రాలకి కూడా ఇస్తారా?"

"గుర్రాన్ని పడుకోబెట్టే మందు కూడా ఉంది మా దగ్గర. ఎందుకు?"

"ఊరికే. మొన్న పొద్దున ఏం జరిగిందో చెప్పండి."

అతను కట్టు ముడి వేసి చేతులు కడుక్కున్నాడు. "ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పిందే చెప్తాను. సార్ తెల్లారగానే వచ్చారు. మందుల సంచీ తీసుకున్నారు. చాలా తొందరలో ఉన్నారు. సైకిల్ ఎక్కి అన్నిటికన్నా పై మోడ్, టర్బోలో పెట్టి వెళ్లిపోయారు. మోటారు హోరుమంటోంది. చక్రం ముందుకి దూకింది. 'సార్, బండి ఏదో తేడాగా ఉంది' అని అరిచాను. వినిపించుకోలేదు."

"టర్బోలో పెట్టారని మీకెలా తెలిసింది?"

"తెర మీద కనిపించింది. ఎర్రగా."

"ఎప్పుడూ కింది మోడ్‌లోనే పోయే మనిషి టర్బో ఎందుకు పెట్టారు?"

"చెప్పాను కదా, తొందర. ఆ మొదటి మలుపు దాటేదాకా చూస్తూనే ఉన్నాను. ఏనుగు తరుముతున్నట్టు ఎక్కిపోయింది బండి."

"ముందు చక్రం ఏమైనా పట్టేస్తున్నట్టు అనిపించిందా?"

"పట్టేయడమా? గాలిలా పోయిందండీ."

డేగమ్మ తలూపింది. "సైకిళ్లతో మీకు పరిచయం ఉందా?"

"నాకా? పంచర్ వేయడం కూడా రాదు. నాది వాన్."

అతను కిటికీలోంచి చూపించాడు. వెనక పెరట్లో క్లినిక్ తెల్ల వాన్ నిలబడి ఉంది. వెనక తలుపులు బార్లా తీసి ఉన్నాయి. డేగమ్మ కుంటుకుంటూ అటు నడిచింది. వాన్ నేల ఇంకా తడిగానే ఉంది. ఫినాయిలు వాసన గుప్పుమంది. బయటిభాగం మాత్రం దుమ్ము పట్టి, వేలితో పేరు రాయగలిగేట్టు ఉంది.

"కారు కడిగేవాళ్లు బయట కడుగుతారు. మీరు లోపల కడిగారే?"

"జబ్బు చేసిన పశువుల్ని తెస్తాం. కడక్కపోతే ఎలా?" అతని ముఖంలో ఏ మార్పూ లేదు. గోడకున్న గడియారం వంక చూసి ఏప్రన్ విప్పాడు. "క్షమించాలి. నేను ఆసుపత్రికి వెళ్లాలి. పాపం టీచరమ్మ, వాళ్ల వదిన అలిసిపోయారు. కాసేపు నేను కూర్చుంటానన్నాను. సార్ నాకు తండ్రి లాంటివారు."

*

"అరగంట. మీ టైములో అరగంట ఇవ్వండి," అంది డేగమ్మ ఫోన్లో. "మీ జీపులో నా వెనక రండి. నాది తప్పయితే ఈ కేసు ఊసు మళ్లీ ఎత్తను."

ఆ చివరి మాటే ఇన్‌స్పెక్టర్‌ని క్లినిక్ గేటు దగ్గరికి రప్పించింది. అప్పటికి చిన్న డాక్టరు వెళ్లిపోయాడు. డేగమ్మ తన సైకిల్ మీద కూర్చుని తెర చూపించింది. వంద శాతం.

"అదే కంపెనీ, అదే మోటారు, అదే బ్యాటరీ. నా బరువు డాక్టరుగారి కన్నా తక్కువే గానీ ఎక్కువ కాదు. ఆయన పెట్టే కింది మోడ్‌లోనే ఎక్కుతాను."

"మేడమ్, మీ మోకాలు..."

"మోకాలు సగం, మోటారు సగం. పదండి."

రోడ్డు మొదటి మలుపు దాటగానే నిటారుగా లేచింది. పెడల్ మీద కాలు పడగానే మోటారు సన్నగా మూలుగుతూ నడుము కింద చెయ్యేసి తోసినట్టు తోసింది. కాలు బిగిస్తే అదీ బిగిసేది, వదిలితే వదిలేది. అయినా మూడో మలుపుకే ఆమె వీపు తడిసిపోయింది. మోకాలి చిప్పలో సూదులు గుచ్చుతున్నాయి. వెనక జీపు మొదటి గేరులో గుర్రుగుర్రుమంటూ వస్తోంది. తెరమీద అంకె మలుపు మలుపుకీ కిందికి జారుతోంది. ఆమె దాన్ని చూడటం మానేసి రోడ్డు చూసింది.

కొండ శిఖరం దగ్గర కాలు కిందపెట్టి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ దిగి వచ్చి తెర చూశాడు.

యాభై ఎనిమిది.

"సరే," అన్నాడు మెల్లగా. "కానీ డాక్టరు పడింది ఇక్కడ కాదు. ఇక్కణ్నుంచి దిగాక, అదిగో, ఆ మలుపులో. దిగేటప్పుడు చార్జ్ ఎక్కుతుంది. కార్లలో ఎక్కట్లేదా?"

"ఎక్కిందో లేదో చూద్దాం."

ఆమె పెడల్ తొక్కకుండా బండిని వదిలేసింది. గాలి చెవుల్లో హోరెత్తింది. మలుపు దగ్గర బ్రేకు పట్టి ఆపింది. జీపు వచ్చి పక్కన ఆగింది. తెర మీద అంకె మారలేదు. యాభై ఎనిమిదే.

"దీని మోటారు చక్రంలో లేదు, పెడల్స్ దగ్గరుంది. దిగేటప్పుడు పెడల్స్ కదలవు, మోటారు నిద్రపోతుంది. మీరు చెప్పిన చార్జ్ ఎక్కడినుంచి ఎక్కుతుంది? దిష్టి తీసి ఎక్కించాలా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది కింది మోడ్‌లో. టర్బోలో ఎక్కితే ఇందులో పావు వంతైనా మిగిలేది కాదేమో," అంది డేగమ్మ. "కానీ మీ షెడ్డులో ఉన్న బండిలో తొంభై ఆరు ఉంది. ఇంటినుంచి క్లినిక్‌కి పోయినంత ఖర్చు. అంతే. ఆ బండి ఈ కొండ ఎక్కలేదు. ఎక్కించారు."

"ఆయన మోటారు ఆపేసి తొక్కి ఉంటే?"

"గుండె ఆపరేషన్ అయిన మనిషి, పాతిక కిలోల బండి, పైగా ముందు బ్రేకు పట్టేసి. మీరు తొక్కగలరా?" ఆమె రోడ్డు పక్క రాయి మీద కూర్చుని మోకాలు నొక్కుకుంది. "ఇంత పొడుగు బండి వాన్‌లో పట్టాలంటే ముందు చక్రం ఊడదీయాలి. ఊడదీశాక బ్రేకు పిడి నొక్కకూడదు. నొక్కితే బిళ్లలు రెండూ దగ్గరకొచ్చి పళ్లేనికి చోటుండదు. ఇది బండితో బతికేవాడికి తెలుస్తుంది. ఎత్తి పడేసేవాడికి తెలియదు. పిడి పట్టుకుని బండిని వాన్‌లోకి లాగాడు. ఇక్కడ దించాక చక్రాన్ని బలవంతంగా దూర్చాడు. ఇరుసు సగమే బిగించాడు. మీ మెకానిక్ అయితే ఇలా బిగిస్తాడా?"

"వాన్..." ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది. "క్లినిక్ వాన్."

"లోపల మాత్రమే కడిగిన వాన్. గుర్రాన్ని పడుకోబెట్టే మందున్న చోట మనిషిని పడుకోబెట్టడం ఎంతసేపు? ఆసుపత్రిలో డాక్టరుగారి రక్తంలో మత్తుమందు ఉందేమో ఎవరైనా చూశారా?"

"ప్రమాదం అనుకున్నాం కదా. ఎవరూ చూడలేదు."

"మోటారుకి పిచ్చెక్కిందని మిమ్మల్ని నమ్మించడానికి టర్బో కథ అల్లాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతను అతికించాడు గానీ బ్యాటరీని అడగడం మర్చిపోయాడు."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. డాక్టరుగారి అక్క. పట్టలేని సంతోషంతో మాట తడబడుతోంది.

"అమ్మా, మా తమ్ముడు వేళ్లు కదిపాడు! కళ్లు తెరవబోయాడు! మా మరదలికి చెప్పాను, బయల్దేరింది. మీకూ చెప్దామని..."

"ఇప్పుడు మీరెక్కడున్నారు?"

"క్యాంటీన్‌లో. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు కదా. చిన్న డాక్టరు వచ్చాడు. తమ్ముడు కదిలాడని చెప్తే ఎంత సంబరపడ్డాడో! 'మీరు వెళ్లి ఏమన్నా తినిరండి పెద్దమ్మా, నేను చూసుకుంటా'నన్నాడు."

డేగమ్మ రాయి మీదనుంచి లేచింది. "అమ్మా, నా మాట వినండి. ఇప్పుడే, ఈ క్షణమే గదికి వెనక్కి వెళ్లండి. అతన్ని మీ తమ్ముడి సెలైన్ ట్యూబు ముట్టుకోనివ్వకండి. నర్సుని పిలవండి. గట్టిగా అరవండి."

"అదేమిటమ్మా, ఆ అబ్బాయి సొంత..."

"మీ తమ్ముణ్ని తోసింది అతనే. పరిగెత్తండి!"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. ఆసుపత్రిలో పోలీసు కాపలా లేదు. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ఊరి మధ్య ట్రాఫిక్ దాటుకుని రావాలి. "జీపెక్కండి మేడమ్!"

"రోడ్డు మళ్లీ శిఖరం ఎక్కి కొండంతా చుట్టి దిగుతుంది." ఆమె లోయ అంచున నిలబడి కిందికి చూసింది. పొదల మధ్యనుంచి కట్టెలవాళ్ల కాలిబాట నిట్టనిలువుగా దిగుతోంది. దాని చివర, కాళ్ల కిందే ఉన్నట్టు, ఆసుపత్రి వెనక గోడ కనిపిస్తోంది. "మీరు రోడ్డున రండి. నేను ఇలా పోతాను."

"అందులో మనిషి నడవలేడు!"

"దీన్ని ఇలాంటి దారికే చేశారు," అంటూనే ఆమె బండిని అంచు దాటించింది.

*

ఆ దిగుడులో మోటారు సాయం ఏమీ లేదు. లావాటి టైర్లు, రెండు బ్రేకులు, ఆమె గుండె ధైర్యం, అంతే. సీటు కిందికి దించేసి, నడుము వెనక్కి వాల్చి, చూపుని ముందు చక్రానికి కాకుండా దానికి పదడుగుల అవతల నిలిపింది. రాళ్లు టకటకమని ఎగిరి మోటారు కిందనున్న రేకుకి తగులుతున్నాయి. ఒకచోట వెనక చక్రం పక్కకి జారింది. ముళ్లపొద మోచెయ్యి చీరేసింది. మోకాలు ఒక్కో కుదుపుకీ అమ్మా అంటోంది. ఆమె మాత్రం నోరు తెరవలేదు. బ్రేకులు వేడెక్కి కాలిన వాసన కొట్టింది. వాటిని ఒక్క క్షణం వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదిలి, చివరికి చదునైన మట్టిలో పడింది.

కాలు పెడల్ మీద బిగించగానే మోటారు మేల్కొంది. ఆసుపత్రి వెనక గేటులోంచి, ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి, వీల్‌చెయిర్ల కోసం కట్టిన వాలుమీదుగా తిన్నగా నడవాలోకి దూసుకుపోయింది. ఎవరో కేక పెట్టారు. ఎవరో గోడకి అతుక్కుపోయారు.

నడవా చివరి గది ముందు డాక్టరుగారి అక్క రెండు చేతులతో తలుపు బాదుతోంది. పక్కన ఒక నర్సు భుజంతో తోస్తోంది.

"లోపల గడియ పెట్టాడమ్మా! తియ్యడం లేదు!"

"పక్కకి జరగండి!"

డేగమ్మ టర్బో బటన్ నొక్కింది. పైకి లేచి నిలబడి, బాగున్న కాలితో పెడల్‌ని ఒక్క తొక్కు తొక్కింది. ఆమె బలానికి మోటారు తన బలం నాలుగింతలు కలిపింది. ముందు చక్రం తలుపుని సరిగ్గా గడియ దగ్గర గుద్దింది. గడియ మేకులు ఊడి ఎగిరాయి. బండీ ఆమే కలిసి గదిలోపల పడ్డారు.

మంచం పక్కన చిన్న డాక్టరు వంగి ఉన్నాడు. ఒక చేతిలో సెలైన్ ట్యూబు, రెండో చేతిలో సిరంజి. సూది అప్పటికే ట్యూబులో ఉంది.

"జ్వరం తగ్గడానికి..." అన్నాడు. ఆ మెత్తటి గొంతు అంతే మెత్తగా ఉంది.

డేగమ్మ నేలమీదనుంచే పాకి, ట్యూబుని రోగి చేతి దగ్గర గట్టిగా మడిచి పట్టుకుంది. అతను ఆమె మణికట్టు పట్టి విరవబోయాడు. ఆమె వదల్లేదు. అంతలో డాక్టరుగారి అక్క వెనకనుంచి వచ్చి, రెండు చేతులా అతని జుట్టు పట్టుకుని ఈడ్చింది. "నీకు అన్నం పెట్టిన చెయ్యిరా ఇది! నీకు పని నేర్పిన చెయ్యిరా!" ఆ ఊపుకి అతను తూలి, కిందపడి ఉన్న సైకిల్ మీద వెల్లకిలా పడ్డాడు. నర్సు ఒక్క లాగున సెలైన్ సూదిని రోగి చేతిలోంచి పీకేసి, గాయం మీద దూది నొక్కింది.

"మందు ఎక్కిందా?" అడిగింది డేగమ్మ.

నర్సు ట్యూబు ఎత్తి చూసింది. "లేదు. మీరు మడిచిన చోటికి జానెడు పైనే ఆగిపోయింది."

బూట్ల చప్పుడుతో ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చేసరికి చిన్న డాక్టరు గోడకి జారబడి కూర్చున్నాడు. పారిపోయే ప్రయత్నం చేయలేదు. ఇన్‌స్పెక్టర్ అతని చేతులకు బేడీలు వేశాడు. సిరంజిని రుమాల్లో చుట్టాడు. తర్వాత డేగమ్మకి చెయ్యి అందించి లేపాడు.

"మెకానిక్‌ని వదిలేస్తున్నానని ఫోన్ చేశాను," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా.

"క్షమించమని కూడా అడగండి," అంది ఆమె.

గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది. విరిగిన తలుపుని, బేడీల్ని, కిందపడ్డ సైకిల్‌ని చూసింది. వాటన్నిటినీ దాటి వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. అతని కనురెప్పలు కదిలాయి. సగం తెరుచుకున్నాయి.

"ఏమండీ..."

అతని పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. టీచరమ్మ చెవి ఆనించింది.

"పాలు," అన్నాడు.

"పాలు కావాలా? తెస్తాను, ఇప్పుడే..."

అతను తల అడ్డంగా ఊపడానికి ప్రయత్నించాడు. ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు వచ్చింది. "వద్దు. డెయిరీ పాలు... ఎవరూ... తాగొద్దు. ఆవులకి... విత్తనాల గింజలు పెట్టారు. పురుగుమందు పట్టించినవి. పాలలోకి వస్తుంది. మరిగించినా... పోదు."

ఇన్‌స్పెక్టర్ బేడీల గొలుసు పట్టి గుంజాడు. "నిజమేనా?"

చిన్న డాక్టరు తలెత్తలేదు. "మా మామ తెలియక పెట్టాడు. తెలిశాక ఆపుదామన్నాను. మంద మొత్తం పోతుంది, పరువు పోతుంది, నోరు మూసుకో అన్నాడు. సార్ ఆ రోజే అందరికీ చెప్పేస్తానన్నారు. ఒక్క వారం ఆగమని కాళ్లు పట్టుకున్నాను. ఆగనన్నారు."

"అంటే ఆ పాలు ఇవాళ కూడా..." డేగమ్మ అతని ముందు ఒంటి మోకాలి మీద కూర్చుంది. "ఎవరెవరికి పోతున్నాయి?"

అతను తల తిప్పుకున్నాడు. జవాబు డాక్టరుగారి అక్క చెప్పింది. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, ఈ ఆసుపత్రికి వచ్చేవి కూడా అవేనమ్మా. క్యాంటీన్‌లో క్యాన్ల మీద చూశాను, ఆ డెయిరీ పేరే. ఇందాకే వార్డుల్లోకి పంపించారు."

నడవాలో ఎక్కడో చక్రాల బండి కిర్రుకిర్రుమంటూ వస్తోంది. గాజుగ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. డేగమ్మ గోడ పట్టుకుని లేచి బయటికి ఉరికింది. ఎదుటి వార్డు గుమ్మంలో నిలబడ్డ ఆయా బండిలోంచి గ్లాసులు తీసి మంచం మంచానికీ అందిస్తోంది. అది పిల్లల వార్డు. మొదటి మంచం మీద, తలకి కట్టుతో ఉన్న ఒక చిన్నపాప రెండు చేతులతో గ్లాసు పట్టుకుని పెదవుల దాకా ఎత్తింది.

"తాగకు తల్లీ!"

డేగమ్మ కేకకి వార్డంతా ఉలిక్కిపడింది. పాప చేతిలోంచి గ్లాసు జారి నేలమీద భళ్లున పగిలింది. తెల్లటి పాలు డేగమ్మ కాళ్లదాకా పారివచ్చాయి. ఆమె తలెత్తి చూసింది. వార్డులో ఇరవై మంచాలు ఉన్నాయి. చాలా మంచాల పక్కన గ్లాసులు అప్పటికే ఖాళీగా ఉన్నాయి.